అంకెల పథ్యము ఎవరికి తగును?

దేహభారమును తగ్గించుకొనవలెనను కోరిక ప్రాచీనమైనదే గాని, ఆ కోరికను తీర్చెదమని ముందునకు వచ్చు ఉపాయములు కాలానుగుణముగ వేషము మార్చుచుండును. నేటి వేషము అంకెలది. మణికట్టునకు కట్టుకొన్న గడియారము అడుగులను, నాడిని, నిద్రను లెక్కించుచుండ, స్నానాలగదిలోని తూకపు బల్ల పాదములు మోపినంతనే బరువుతోపాటు క్రొవ్వు శాతమును గూడ ప్రకటించుచుండ, భుజమునకు అంటించిన చిన్న బిళ్ళ రాత్రింబవళ్ళు చక్కెర పోకడను ఫోనునకు చేరవేయుచుండ, ఈ సమస్తమును క్రోడీకరించి రేపు ఏది తినవలెనో ఏది మానవలెనో ఆదేశించు యాపు నెలసరి చందాకు లభించుచున్నది. ఇట్టి ప్రణాళిక తనకు తగునా తగదా యని యోచించువాడు సామాన్యముగ అడుగు ప్రశ్న, 'ఇది పనిచేయునా?' అని. కొందరికి, కొంతకాలము పనిచేయునని ఆ ప్రశ్నకు ఒక్కమాటలో ఉత్తరము చెప్పివేయవచ్చును. అంతకంటె ఫలవంతమగు ప్రశ్న వేరొకటి కలదు: ఈ అంకె తెలిసిన పిదప నేను ఏ పనిని మార్చుకొందును, ఆ పని నా చేతిలో నున్నదా? ఈ ప్రశ్నకు సమాధానమీయని అంకె ఎంత సూక్ష్మమైనదైనను దానికొరకు చందా కట్టుట వ్యర్థమని నా అభిప్రాయము. ఈ అభిప్రాయమునకు ఆధారమేమో, దానికి మినహాయింపు లెవ్వియో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

తన్ను తాను తూచుకొను ఈ వ్యసనము మనము తలచునంత నూతనమైనది కాదు. ఇటలీలోని పాదువా నగరమున వైద్యశాస్త్రాచార్యుడైన సాంతోరియో, తక్కెడకు వ్రేలాడదీసిన కుర్చీలో కూర్చుండి, తిన్నదానిని, త్రాగినదానిని, విసర్జించినదానిని ఇంచుమించు ముప్పది సంవత్సరములు తూచి, ఆ ఫలితమును 1614లో గ్రంథరూపమున ప్రకటించెను. లోనికి పోయినదానికిని కంటికి కనబడునట్లు వెలికి వచ్చినదానికిని మధ్య పెద్ద అంతరమున్నదనియు, ఆ శేషము అదృశ్యమైన ఆవిరిగా చర్మమునుండి శ్వాసమునుండి పోవుచున్నదనియు ఆయన నిర్ణయించెను. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున, మిడిల్‌టౌన్ పట్టణపు వెస్లియన్ విశ్వవిద్యాలయమున, ఆట్‌వాటర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మనుష్యుని దినముల తరబడి ఒక చిన్న గదిలో నుంచి, అతని దేహము వెలువరించు ఉష్ణమును కొలిచెను; పిండిపదార్థములకును మాంసకృత్తులకును గ్రామునకు 4, క్రొవ్వునకు 9 కేలరీలని నేటికిని పొట్లాలమీద అచ్చగు లెక్కకు మూలపురుషు డాయనయే. ఎత్తును బట్టి బరువును అంచనా కట్టు సూత్రము బెల్జియము దేశపు గణాంకశాస్త్రవేత్త కెత్లేది, 1832 నాటిది. దానికి 'బాడీ మాస్ ఇండెక్స్' అను పేరిడినవాడు 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్. కెత్లే చూడదలచినది జనసామాన్యపు సగటును గాని, ఒక వ్యక్తి ఆరోగ్యమును గాదు. నేడు వైద్యుని బల్లమీదను, యాపు మొదటి పుటలోను ఒక్కొక్క మనుష్యునికి తీర్పు చెప్పుచున్నది ఆ సూత్రమే యనునది గుర్తుంచుకొనదగినది.

మన ఆహారముల అంకెలకు మన ప్రాంతముతో సన్నిహిత సంబంధమున్నది. కూనూరు కొండలమీద 1918లో బెరిబెరి పరిశోధనకై మెకారిసన్ అను వైద్యుడు స్థాపించిన చిన్న ప్రయోగశాల పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా నేడు నిలిచియున్నది. 2017లో ఆ సంస్థ వెలువరించిన భారతీయాహార పట్టికలలో 528 పదార్థముల విశ్లేషణ కలదు. యాపు ఏ దేశమున తయారైనదైనను, అది మన గోంగూరకు, మన కందిపప్పునకు ఇచ్చు అంకె ఈ పట్టికలనుండి వచ్చినదా, లేక ఎవరో వాడుకరి తోచినట్లు వ్రాసిపెట్టినదా యని విచారించుట మొదటి జాగ్రత్త.

ఆ జాగ్రత్త ఎందులకో అన్నమును చూచిన తెలియును. 100 గ్రాముల బియ్యములో రమారమి 350 కేలరీలు కలవు. ఆ బియ్యమే ఉడికి నీరు పీల్చుకొని 300 గ్రాముల అన్నమైనపుడు తూకము మూడింతలైనను కేలరీలు మాత్రము 350గానే నిలుచును. యాపులో 'రైస్' అని వెదకినపుడు వచ్చు వరుసలలో కొన్ని బియ్యమునకు, కొన్ని అన్నమునకు సంబంధించినవి. ఒకదానికి మారుగా వేరొకటి నొక్కినవాని లెక్కలో రోజునకు వందల కేలరీలు ఉట్టినే పుట్టును, లేదా ఉట్టినే మాయమగును. బరువు తగ్గుటకై యాపు సాధారణముగ సూచించు లోటు రోజునకు 500 కేలరీలు మాత్రమే. కొలమానము యొక్క దోషమే కొలవదలచిన మార్పుతో సమానమైనపుడు ఆ రోజువారీ మొత్తమునకు చివర కనబడు ఒకట్ల స్థానపు అంకెను చూచి సంతోషించుటయు, దుఃఖించుటయు సమానముగ నిష్ప్రయోజనములు.

దోషము పట్టికలలో మాత్రమే కాదు, మనలోను కలదు. న్యూయార్కులో జరిగి 1992లో ప్రకటితమైన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, రోజునకు 1,200 కేలరీలకంటె తక్కువ తినుచున్నను బరువు తగ్గుట లేదని వాపోవు పదిమందిని తీసికొని శాస్త్రీయముగ కొలిచి చూడగా, వారి జీవక్రియ సక్రమముగనే యున్నది గాని, తినుచున్నదానిలో సగటున 47 శాతము వారి లెక్కలోనికి రాలేదనియు, చేసినట్లు చెప్పిన వ్యాయామము చేసినదానికంటె 51 శాతము ఎక్కువనియు తేలెను. వారు అసత్యమాడిరని భావింపరాదు; చేయి తిన్నదానిని మనస్సు మరచుట మానవసహజము. ఇక గడియారముల సంగతి: స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 2017లో ఏడు రకముల మణికట్టు పరికరములను పరీక్షింపగా, నాడిని అవి చాలవరకు సరిగానే పట్టినవి గాని, ఖర్చయిన కేలరీల విషయమున అన్నిటికంటె మేలైనది సైతము 27 శాతము తప్పినది. గడియారము 400 కేలరీలు కరిగినవని చూపినందున ఒక ప్లేటు మిర్చిబజ్జీలు తినుటకు అర్హత లభించెనని భావించువాడు, ఆ అర్హతాపత్రమును ఎవరు వ్రాసిరో విచారింపవలెను.

ప్రాతఃకాలమున తూకపు బల్ల చూపు అంకె మాత్రము నిజమైనదే, అయితే అది దేనికి సంబంధించిన నిజమో తెలియవలెను. దేహములో నిలువయుండు గ్లైకోజన్ ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. అందుచేత అన్నము మానిన మొదటి వారమున దిగిపోవు రెండు మూడు కిలోలలో అధికభాగము నీరే. ఆదివారమున ఆవకాయతోను అప్పడములతోను భుజించి సోమవారమున కిలో పెరిగితినని విలపించువాడు పెరిగినది ఉప్పు పట్టియుంచిన నీటితో గాని క్రొవ్వుతో గాదు. కిలో క్రొవ్వు చేరవలెనన్న సుమారు 7,700 కేలరీలు అదనముగ కావలెను, ఒక్క భోజనమున ఎంతటివానికిని అది సాధ్యము కాదు. స్త్రీలకు ఋతుచక్రమును బట్టియు ఈ హెచ్చుతగ్గులు కలుగుచుండును. కావున ఏడు రోజుల సగటును చూపు యాపు, ప్రతి ఉదయపు అంకెను ఎఱ్ఱరంగులో హెచ్చరించు యాపుకంటె ఎన్నో రెట్లు హితకారి.

అంచనాలలో నున్న అత్యాశను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. రోజునకు 500 కేలరీలు తగ్గించినచో వారమునకు అరకిలో వంతున తరుగుచునే పోవుదుమను సూత్రము 1958లో విష్నోఫ్‌స్కీ అను వైద్యుడు వేసిన లెక్కనుండి పుట్టినది. దేహము చిక్కినకొలది దాని ఖర్చును తగ్గునను సంగతి అందులో లేదు. అమెరికా జాతీయారోగ్య సంస్థలకు చెందిన కెవిన్ హాల్ బృందము 2011లో సవరించిన లెక్క ప్రకారము, రోజునకు 24 కేలరీల శాశ్వతమైన తగ్గింపు అంతిమముగ ఒక కిలో తరుగుదలను కలిగించును, అందులో సగము సిద్ధించుటకే సంవత్సరము పట్టును. అనగా, రోజునకు 240 కేలరీలు విడువక తగ్గించినవాడు ఏడాదికి సుమారు ఐదు కిలోలు, మూడేండ్లకు ఇంచుమించు పది కిలోలు తగ్గును. పాత సూత్రమైనచో మొదటి యేటనే పదకొండు కిలోలని ఆశ చూపును. పదకొండును ఆశించి ఐదును పొందినవాడు ఆ ఐదింటినే ఓటమిగా భావించి ప్రణాళికను విడిచిపెట్టుచున్నాడు. 'మూడు నెలలలో ఇన్ని కిలోలు' అని గీత గీసి చూపు యాపును ఆ గీత ఏ సూత్రముననుసరించి గీచితివని అడుగుట, దాని ధరను అడుగుటకంటె ముఖ్యము.

ఇంతకును శాస్త్రీయ పరీక్షలు ఏమి చెప్పుచున్నవి? పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయము ఆధ్వర్యవమున 471 మంది యువతీయువకులపై రెండేండ్లు సాగి 2016లో వెల్లడియైన పరీక్షలో, ఆరు మాసముల సమాన శిక్షణానంతరము కొందరికి దేహమునకు ధరించు పరికరము నిచ్చిరి. తక్కినవారిని తమ ఆహారవ్యాయామములను తామే నమోదు చేసికొమ్మనిరి. పరికరధారులు సగటున 3.5 కిలోలు, స్వయముగ నమోదు చేసికొన్నవారు 5.9 కిలోలు తగ్గిరి. కారణమిదియని పరీక్ష తేల్చలేదు. పరికరము వ్రాసిపెట్టునను ధీమా వ్రాయుటలో నుండు మెలకువను హరించునేమో యని నా అనుమానము. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందిపై సాగి 2018లో ప్రకటితమైన పరీక్షలో క్రొవ్వు తగ్గించినవారును పిండిపదార్థములు తగ్గించినవారును ఏడాదికి ఇంచుమించు సమానముగ, ఐదారు కిలోలు తగ్గిరి. ఎవరికి ఏ ఆహారము నప్పునో వారి జన్యువులు గాని ఇన్సులిన్ స్పందన గాని ముందుగ చెప్పలేకపోయెను. ఉమ్మినీటి నమూనాను తపాలాలో పంపిన మీ జన్యువులకు తగిన పథ్యము చెప్పెదమను ప్రకటనలను చదువునపుడు ఈ పరీక్షను జ్ఞప్తికి దెచ్చుకొనుట మంచిది.

దీనికి ప్రతిపక్షముగ ఇజ్రాయిల్ దేశపు వైజ్‌మన్ సంస్థవారి 2015 నాటి పరిశోధనను ఉదాహరింతురు. 800 మంది భుజించిన ఇంచుమించు 47,000 భోజనముల పిదప వారి రక్తములోని చక్కెరను నిరంతరము కొలిచి, ఒకే పదార్థము ఒకనికి చక్కెరను పెంచి వేరొకనికి పెంచకపోవచ్చునని వారు నిరూపించిరి. అది మహత్తరమైన పరిశోధనమే. కాని చక్కెర ఉవ్వెత్తున లేచుటయు బరువు పెరుగుటయు ఒకటి కావు. ఆ పద్ధతి ననుసరించి న్యూయార్కులో జరిగి 2022లో ప్రకటితమైన పరీక్షలో వ్యక్తిగత పథ్యము పాటించినవారు సామాన్య పథ్యము పాటించినవారికంటె అధికముగ తగ్గలేదు. మధుమేహము లేనివాడు పది పదునాలుగు దినములకొక బిళ్ళ చొప్పున భుజమున ధరించి, ఇడ్లీ తిన్న అరగంటకు గీత పైకి పోయినదని కలవరపడుటలో ప్రయోజనము స్వల్పము. ఇన్సులిన్ తీసికొను మధుమేహికైతే ఆ బిళ్ళయే అమూల్యము, ఏలయన ఆ అంకెను చూచి అతడు మార్చవలసిన మోతాదు ఒకటి నిర్దిష్టముగ నున్నది.

మనదేశపు దేహములను గూర్చి ప్రత్యేకముగ తెలిసికొనవలసినది కలదు. పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఛాయాచిత్రమునే ప్రకటించిరి: ఇరువురి బాడీ మాస్ ఇండెక్సును 22.3, కాని యుడ్కిన్ దేహములో క్రొవ్వు 9.1 శాతము, యాజ్ఞిక్ దేహములో 21.2 శాతము. సన్నని కాలుసేతులు, ముందునకు వచ్చిన బొజ్జ గల మన ఉద్యోగస్థుని చూచి 'నీవు ఆరోగ్యవంతుడవు' అని తూకపు బల్ల చెప్పు అభయవచనమును ఎంతవరకు నమ్మవచ్చునో ఈ ఒక్క చిత్రము చెప్పును. అందుచేతనే భారతీయులకు 25నకు మారుగా 23నుండియే అధికభారముగ ఎంచవలెననియు, నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదనియు మన వైద్యనిపుణులు నిర్ణయించిరి. ఆ కొలతకు కావలసిన దర్జీ టేపు వెల పది ఇరువది రూపాయలు.

దీనికి తోడు చెన్నపట్టణపు రామచంద్రన్ బృందము 2006లో వెల్లడించిన భారతీయ మధుమేహ నివారణ పరీక్షను స్మరింపవలెను. మధుమేహపు అంచుననున్న 531 మందిలో నడకయు మితాహారమును అలవరచుకొన్నవారికి మధుమేహము సంక్రమించు ప్రమాదము 28.5 శాతము తగ్గినది. అయినను వారి బరువులో చెప్పుకోదగిన మార్పు లేదు! తూకపు అంకెనొక్కదానినే నమ్మువాడు ఆ మూడేండ్ల పరీక్షలో చేరియుండినచో మొదటి యేడాదికే విసిగి ఇంటికి పోయి, తనకు కలుగుచున్న మేలును తానెరుగక పోగొట్టుకొనియుండెడివాడు.

పరీక్షలన్నిటిలోను కానరానిది మన వంటయిల్లు. రాజమహేంద్రవరమున ఒక బంధువుల యింట సంక్రాంతికి వచ్చిన కుమారుడు, హైదరాబాదున సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అరచేతి వెడల్పున నున్న తూకపు యంత్రమును పొయ్యిగట్టుమీద నుంచి నిలుచుండెను. తల్లి గుత్తివంకాయ వేయించుచున్నది. "అమ్మా, నూనె ఎంత పోశావు?" అని అతడు, "ఎంత పోస్తాన్రా, రోజూ పోసేంతే" అని ఆమె. "అదే, ఎన్ని చెంచాలు?" "చెంచాతో పోసే నూనెతో గుత్తివంకాయ అవుతుందా నాయనా?" అతడు గత్యంతరము లేక 'నాలుగు చెంచాలు, నలుగురికి' అని నమోదు చేసెను. పిదప జరిగినది చూడదగినది: తండ్రి పథ్యమని రెండు కాయలు మాత్రమే తీసికొనెను, కుమారుడు మూడు, కోడలు కూర ముట్టలేదు, అందరి భోజనములు ముగిసినమీదట తల్లి, నూనెయు కారమును అడుగంటియున్న మూకుడులోనే అన్నము కలుపుకొని, అందులోనే రుచియున్నదని సంతోషముగ భుజించెను. యాపు లెక్కలో నలుగురు సమానముగ తినిరి.

మన కుటుంబములలో లెక్క వ్రాయు చేయి వేరు, గరిటె పట్టు చేయి వేరు, వద్దన్నను వడ్డించు చేయి వేరు. ఒంటరిగ నివసించుచు తన వంట తాను చేసికొనువానికి, డల్లాసులోనో మెల్‌బోర్నులోనో పొట్లాలమీద అంకెలు చదివి కొనుగోలు చేయువానికి, కేలరీల లెక్క ఎంతో కొంత చేతికి అందునట్టిది. ఉమ్మడిగ వండి ఉమ్మడిగ తిను యింట అదే లెక్క వాదములకు మూలమగును, లేదా కల్పితకథయగును. అట్టి యింటికి తగిన అంకె వేరుగ కలదు: నెలకు ఇంటికి వచ్చిన నూనె. నలుగురున్న సంసారమున నెలకు ఐదు లీటర్ల డబ్బా ఖర్చగుచున్నచో, మనిషికి రోజునకు 38 గ్రాములు, అనగా 340 కేలరీలకు పైబడి, నూనె రూపముననే పోవుచున్నవి. డబ్బాను నాలుగు లీటర్లకు తగ్గించుటకు ఇల్లాలు ఒప్పుకొనినచో ప్రతివానికిని రోజునకు సుమారు 70 కేలరీలు తగ్గును. ఏ ఒక్కరును ఫోను తీయనక్కరలేదు, మూకుడులో అన్నము కలుపుకొను ఆమెకును ఆ మేలులో భాగముండును. ఇట్లే బియ్యపు బస్తా ఎన్ని దినములు వచ్చుచున్నదో చూచుట. అంకెలు వలదనుట నా వాదము కాదు. మార్చగలిగిన చేతులున్న చోటనే అంకెను వెదకుడని మాత్రమే నేను చెప్పునది.

స్వభావమును బట్టియు తగినవారు, తగనివారు నుందురు. జమాఖర్చుల పుస్తకమును దినదినము వ్రాయువారికి, ఓడిపోయిన రోజును సైతము ముఖము చిట్లింపక నమోదు చేయగలవారికి ఈ పద్ధతి హితవగును. బరువు తగ్గి చాలకాలము నిలుపుకొన్నవారిలో అధికసంఖ్యాకులు క్రమము తప్పక తూచుకొనువారేయని అమెరికాలో 1994నుండి నడచుచున్న ఒక నమోదు పట్టిక చూపుచున్నది. అంకెను తీర్పుగా, తీర్పును శిక్షగా గ్రహించు మనస్సు గలవారికి అదే విషమగును. ఆహారమును గూర్చిన మానసిక రుగ్మత ఎన్నడైన పొందినవారును, పొందుచున్నారని తల్లిదండ్రులు అనుమానించు బాలికలును ఈ యాపుల జోలికి పోరాదు. గర్భిణులు, ఎదుగుచున్న పిల్లలు, మూత్రపిండవ్యాధి గలవారు సామాన్యుల లెక్కలను తమకు అన్వయించుకొనరాదు. ఇన్సులిన్‌గాని, చక్కెరను వేగముగ తగ్గించు మాత్రలుగాని వాడువారు వైద్యునితో చెప్పకయే అన్నమును సగము చేసినచో రాత్రివేళ చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును. వృద్ధులలో తరిగిన ప్రతి కిలో ఆనందించదగినది కాదు, అందులో కండ ఎంతయో తూకపు బల్ల చెప్పజాలదు. చెప్పినట్లు నటించు విద్యుత్ బల్లల లెక్క త్రాగిన నీటిని బట్టియే మారుచుండును. సెమాగ్లుటైడు వంటి ఇంజెక్షన్లు వచ్చినమీదట ఈ కండ సంగతి మరింత ముఖ్యమైనది: 2021లో ప్రకటితమైన పరీక్షలో 68 వారములకు సగటున 14.9 శాతము బరువు తగ్గించిన ఆ మందును వాడువానికి ఆకలియే అణగియుండును గనుక, ఎంత తక్కువ తింటినన్నదానికంటె మాంసకృత్తులు చాలినంత తింటినా అనునదే లెక్కించవలసినది.

ఇన్ని విన్న పిదపను చేరదలచినవారు మొదట మూడు వారములు ధర్మార్థముగ లభించు సాధనములతోనే, అనగా ఒక నోటుపుస్తకము, ఒక టేపు, ఇంటనో పొరుగింటనో నుండు తూకపు బల్ల, వీనితోనే నడిపి చూచుట యుక్తము. ఆ పుస్తకమును చూచినందువలన సాయంకాలపు టీలలో రెండవ చెంచా చక్కెర మానుటయో, రాత్రి పదింటి భోజనము ఎనిమిదింటికి జరుగుటయో, ఏదో ఒక్కటి మారియుండవలెను. మారినచో యాపు ఆ పనిని సులభము చేయవచ్చును. ఏదియు మారకుండినచో, లోపము సమాచారమునందు లేదు గనుక, అధిక సమాచారము కొనుట నిరర్థకము. ఆ ధనముతో నెలకొకమారు ముఖాముఖి మాటలాడు ఆహారనిపుణుని ఆశ్రయించుట మేలు.

చందా కట్టుటకు ముందు అంగీకారపత్రమును చదువువారు అరుదు. బరువు, నిద్ర, చక్కెర, ఋతుక్రమము, తినిన వేళలు అను ఈ అంకెలు మన ఏ పనిని మార్చకపోయినను, బీమా అమ్మువాని పనినో, ఉద్యోగమిచ్చువాని పనినో మార్చగలవు. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకొనుటకును, ఇచ్చిన సమాచారమును తుడిపివేయుమని కోరుటకును మనకుగల హక్కును గుర్తించినది. ఆ కోరికను ఎవరికి, ఏ విధమున తెలుపవలెనో యాపు తన పుటలలో స్పష్టముగ చెప్పుచున్నదా లేదా యని చూచి, చెప్పనియెడల మొదటి తూకమునే దానికి ఈయకుండుట మంచిది.